మా తమ్ముడి ఫైబరు కారు

మా తమ్ముడు ఒడైర్ వచ్చి, నా బేకరీ కౌంటరు మీద ఫోన్ పెట్టి, "అక్కా, ఒక్కసారి ఇటు చూడు," అన్నాడు. పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెల ట్రే నా చేతుల్లో ఉంది. ట్రే దించి, కళ్ళజోడు పెట్టుకుని చూశాను. వెండి రంగు కారు. పైకప్పు లేదు. స్నానాల తొట్టెను బోర్లించి చక్రాలు బిగించినట్టుంది.

"ఎవరిదిరా ఇది?"

"ఇంకా ఎవరిదీ కాదు."

ఆ 'ఇంకా' అన్న తీరులోనే మావాడి పని అయిపోయిందని అర్థమైంది.

ఒడైర్ సంగతి కాస్త చెప్పాలి. మా తౌబాతే ఊళ్ళో ఇంటిపేరు చెబితే జనానికి ముందు నా బేకరీ గుర్తొస్తుంది, తర్వాత వాడి నోటరీ ఆఫీసు. ఎవరు ఇల్లు అమ్మినా, ఎవరు పెళ్ళి చేసుకున్నా, ఎవరు పోయినా, ఆ కాగితం నకలు అసలుతో సరిపోయిందని ముద్ర కొట్టి సంతకం పెట్టేది మావాడే. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. మనిషి కూడా ఆ పనికి తగ్గట్టే తయారయ్యాడు. వేసేది మట్టి రంగు చొక్కాలు. నడిపేది బూడిద రంగు కారు. రేడియో పెడితే తనకే వినపడనంత నెమ్మదిగా పెడతాడు. హోటల్లో చల్లారిపోయిన కూర తెచ్చినా తిని, వెయిటర్‌కి థాంక్స్ చెప్పి వస్తాడు. అలాంటివాడికి యాభై ఎనిమిదో ఏట రేసు కారు కావాల్సి వచ్చింది.

ఈ తెగులు అంటించింది తియోబాల్దో అనే పళ్ళ డాక్టరు. ఆయన దగ్గర నిజమైన పాత పోర్షె ఉంది, జర్మనీలో చేసిన రేసు కారు. దంతం రంగుది. దాని ఫొటో పెద్దది చేయించి తన క్లినిక్‌లో గోడకు కాదు, పైకప్పుకు అంటించాడు. కుర్చీలో వెల్లకిలా పడుకుని నోరు తెరిచినవాడు ఆ కారు తప్ప ఇంకేం చూస్తాడు? పైగా ఎదురు మాట్లాడడానికి నోరు ఖాళీగా ఉండదు. మావాడికి దవడ పన్ను బాగుచేస్తున్నంతసేపూ ఆ కారు ఏ సంవత్సరంలో ఏ ఊళ్ళో పుట్టిందో, ఎన్ని దేశాలు తిరిగిందో, తనలాంటి రసికుడి చేతికి ఎలా వచ్చిందో చెప్పాడట. పన్ను బాగుపడింది. బుర్ర చెడింది.

"ఆదివారం చర్చి ముందుకి రండి ఒడైర్, మా క్లబ్బు కార్లు చూద్దురు గాని," అన్నాడట ఆయన.

నేనూ ఆ వేడుక చూసినదాన్నే. ప్రార్థన అయ్యాక జనం బయటికొచ్చేసరికి నీడన్నదంతా వాళ్ళ కార్లే ఆక్రమించేసి ఉంటాయి. చుట్టూ తాళ్ళు, 'ముట్టుకోరాదు' అని బోర్డులు. ఒక్కొక్క కారు పక్కన ఒక్కొక్క ముసలాయన ఈకల కుంచె పట్టుకుని, లేని దుమ్ము దులుపుతూ నిలబడి ఉంటాడు. వాటిని రోడ్డు మీద నడపగా నేను చూసింది లేదు. లారీ మీద ఎక్కించి తెస్తారు, లారీ మీద ఎక్కించి పట్టుకుపోతారు, పెళ్ళికి ఏనుగును తోలుకొచ్చినట్టు.

అసలు కారు రూపాన్ని ఫైబరుతో పోసి చేసిన నకలు కార్లవాళ్ళనూ రానిస్తారు. వాళ్ళకిచ్చే చోటు మాత్రం ఎండలో, మరుగుదొడ్ల పక్కన.

ఒడైర్ డాక్టరుగారి కారు చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాడట. తాడు మీద కాస్త వాలితే డాక్టరుగారు "జాగ్రత్త, జాగ్రత్త" అన్నారట. తర్వాత మావాడు మరుగుదొడ్డికి వెళ్ళాడు. అక్కడ, ఫోన్లో చూపించినలాంటిదే ఒక వెండి రంగు కారు. దాని యజమాని సోడా తాగుతూ, "ఏంటి సార్ అలా చూస్తున్నారు, ఎక్కి కూర్చోండి," అన్నాడట. అంతే. ఎక్కి కూర్చున్నాడు. స్టీరింగు పట్టుకున్నాడు. మళ్ళీ దిగేసరికి వేరే మనిషి.

ఇక రోజూ వీడియోలు. ఏ ఫ్యాక్టరీలో ఏ అచ్చు, ఏ ఫైబరు మందంగా ఉంటుంది, ఎవరు కొనుక్కుని ఏడ్చారు, ఎవరు కొనుక్కుని నవ్వారు. మా మరదలు క్లెవుజా ఒకరోజు బేకరీకి వచ్చి కుర్చీలో కూలబడింది.

"వదినా, మీ తమ్ముడు భోజనం దగ్గర ఉప్పు డబ్బా పట్టుకుని గేర్లు మారుస్తున్నాడు."

"ఎన్నో గేరులో ఉన్నాడు?"

"మీకు నవ్వులాటగానే ఉంటుంది. శనివారం జకరేయీలో కార్లు చేసేవాడి దగ్గరికి వెళ్తాడట. మీరూ వెళ్ళండి. నా మాట వినడు. మీ నోటికైతే భయపడతాడు."

నా నోటికి ఊళ్ళో అంత పేరుంది. వెళ్ళాను.

ఆ కార్లు చేసేవాడి పేరు బెల్మీరో. మెడలో గొలుసు, చొక్కాకి పై గుండీలు లేవు. షెడ్డు నిండా జిగురు వాసన, తలనొప్పి పుట్టించేంత ఘాటుగా. పైనుంచి తాళ్ళకు ఇంజనూ చక్రాలూ లేని ఒట్టి డొల్లలు వేలాడుతున్నాయి, కసాయి కొట్లో మాంసం వేలాడినట్టు. ఎరుపు, పచ్చ, వెండి.

"రండి సార్, రండి మేడమ్! కలలు అమ్మే చోటికి స్వాగతం!" అన్నాడు.

"కల సంగతి తర్వాత. ఇంజను ఎక్కడిది?" అన్నాను.

"ఫుస్కాది మేడమ్. దానంత గట్టి ఇంజను ఇంకోటి లేదు."

"కింద చట్రం?"

"అదీ ఫుస్కాదే."

"బ్రేకులు?"

"ఫుస్కా."

మా దేశంలో ఫుస్కా నడపని ఇల్లు లేదు. తాబేలు వీపులా గుండ్రంగా, ఇంజను వెనక పెట్టుకుని, చిన్న కార్ఖానా నడుస్తున్నట్టు చప్పుడు చేసే కారు. పాలవాడిదీ అదే, పాదిరీదీ అదే, మా నాన్నదీ అదే.

"మరి పోర్షె ఏదయ్యా ఇందులో?"

బెల్మీరో గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఆత్మ, మేడమ్."

"ఆత్మని బిల్లులో విడిగా వేస్తారా, పన్నుతో కలిపా?"

"అక్కా, నువ్వు కాసేపు ఊరుకో," అన్నాడు ఒడైర్. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

బెల్మీరో వెండి రంగు కారు తాళం ఇచ్చాడు. మావాడు అందులోకి దిగడం ఒక పెద్ద కార్యక్రమం. ముందు ఒక కాలు, తర్వాత పొట్ట, తర్వాత రెండో కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. తాళం తిప్పాడు. ఆ చప్పుడు! పైన చూస్తే జర్మనీ రాకుమారుడు, గొంతు విప్పితే మా వీధి పాలవాడు. నేను పగలబడి నవ్వాను. వాడు వినిపించుకోకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు.

వాడు వచ్చేలోగా షెడ్డంతా తిరిగాను. ఒక మూల దుమ్ము కొట్టుకుని రెండు ముందు మడ్‌గార్డులున్నాయి. వాటి మీద సగం సగం వేసిన దంతం రంగు. ఆ రంగు ఎక్కడో చూశాననిపించింది.

"ఇవి ఎవరివయ్యా?"

బెల్మీరోకి నోరు ఆగదు, అదే వాడి రోగం. "అవా? మీ ఊరి తియోబాల్దో డాక్టరుగారివి. సముద్రం ఒడ్డున ఉబాతూబాకి దిగే ఘాట్ రోడ్డులో గోడకి కొట్టారు కదా, ముందు భాగమంతా నుజ్జయింది. జర్మనీ నుంచి తెప్పించాలంటే అది కుదిరే పని కాదు. మన అచ్చులోనే పోశాం. ఇవి సరిగ్గా కుదరలేదు, ఇంకో జత పోసి బిగించాం. చూస్తే మీరు కనిపెట్టగలరా? చెప్పండి!" అని, అప్పుడు గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు. "నేను చెప్పానని అనకండి మేడమ్."

"నేనెందుకంటాను," అన్నాను. నా పెదాలు మాత్రం అప్పటికే నవ్వుతో సాగిపోయి ఉన్నాయి.

ఒడైర్ తిరిగొచ్చాడు. ఉన్న నాలుగు వెంట్రుకలూ నిలబడి ఉన్నాయి. గాలికి కళ్ళల్లోంచి నీళ్ళు చెంపల మీదికి కారాయి. ఇంజను ఆపి, స్టీరింగు వదలకుండా కారులోనే కూర్చున్నాడు.

"ఏడుపు అయిపోయాక చెప్పు, ఇంటికి పోదాం," అన్నాను.

దారిలో మడ్‌గార్డుల కథ చెప్పాను. వాడు నవ్వుతాడనుకున్నాను. బూడిద రంగు కారుని ఇంకా నెమ్మది చేసి, "ఎవరితోనూ అనకక్కా," అన్నాడు.

"ఎందుకు? ఆయన పరువు నీకెందుకు?"

"ఆయన నన్ను క్లబ్బు భోజనానికి పిలిచారు. నన్ను పిలిచారక్కా. నిన్నూ తీసుకురమ్మన్నారు."

ఆ క్లబ్బు పిలుపు కోసం మావాడు ఎంత వేచి ఉన్నాడో అప్పుడు తెలిసింది నాకు. ముద్ర కొట్టించుకోవడానికి అందరూ వాడి దగ్గరికి వస్తారు. కూర్చోమని ఎవరూ ఎక్కడికీ పిలవరు.

భోజనం ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం. నల్ల చిక్కుళ్ళు, పంది మాంసం కలిపి పొద్దుటి నుంచి ఉడికించిన ఫెయిజోయాడా, పక్కన నారింజ ముక్కలు, వేయించిన కర్రపెండలం పిండి. రొట్టెలు నా బేకరీవే. బల్ల చుట్టూ పాతికమంది మగవాళ్ళు, అందరి టోపీల మీదా క్లబ్బు గుర్తు. తమ తమ కార్ల బోల్టుల గురించి చెప్పుకుంటున్నారు. ఒకడి బోల్టు మీద ఇంకొకడికి గౌరవం లేదు.

ఒడైర్ మెల్లగా, వినయంగా, ఆ వెండి రంగు కారు గురించి అడిగాడు. కొంటే ఎలా ఉంటుందని సలహా అడిగాడు, అంతే.

తియోబాల్దో డాక్టరు చెంచా కింద పెట్టాడు. బల్లంతా వినేలా గొంతు పెంచాడు. "ఒడైర్! మీలాంటి పెద్దమనిషి ఆ ప్లాస్టిక్ బొమ్మలో తిరుగుతారా? పెట్టుడు పళ్ళతో నవ్వినట్టుంటుంది!"

అందరూ నవ్వారు. ఒడైర్ కూడా నవ్వబోయి ఆగి, పళ్ళెంలోకి చూశాడు.

"ఆ పెట్టుడు పళ్ళ మీదే కదా డాక్టరుగారూ మీరు మేడ కట్టింది," అన్నాను.

దానికీ నవ్వారు. డాక్టరు మాత్రం ఊపులో ఉన్నాడు. "వృత్తి వేరు జెనాయిడె గారూ, నిజాయితీ వేరు. నకలు కారు నడపడమంటే ఊరిని మోసం చేయడమే. నలుగురి ముందు 'నేనింతే' అని చెప్పుకోలేనివాడే అలాంటివి కొంటాడు. మనిషికి ఒక అసలుతనం ఉండాలి. ఏమంటారు ఒడైర్?"

మావాడు తల ఇంకాస్త వంచాడు. చల్లారిన కూరకు థాంక్స్ చెప్పే ముఖం అది. ఆ ముఖం చూస్తే చిన్నప్పటి నుంచీ నాకు ఒళ్ళు మండుతుంది.

"అసలుతనమంటే గుర్తొచ్చింది," అన్నాను. "మీ కారు మూతికి పెట్టించుకున్న పళ్ళు బాగా కుదిరాయి డాక్టరుగారూ. కుదరని జత ఇంకా బెల్మీరో షెడ్డులో మూలన పడుంది. దంతం రంగు కూడా వేశాడు పాపం."

వడ్డించేవాడి గరిటె గిన్నె అంచుకు తగిలి మోగింది. డాక్టరుగారి మెడ కింద నుంచి ఎరుపు పైకి పాకింది. నేను నారింజ ముక్క తీసుకున్నాను.

తర్వాత జరిగింది చూడాలి. ఎవడైనా డాక్టరుని నిలదీస్తాడనుకున్నాను. ఒక్కడూ లేడు. "అది మరమ్మతమ్మా, నకలు కాదు," అన్నాడొకడు. "మరమ్మతు వేరు, నకలు వేరు," అన్నాడు ఇంకొకడు. "కార్లో సగం కన్నా ఎక్కువ అసలుదైతే అసలుదే." "ఆత్మ అసలుదైతే చాలు." ఆ తొందర చూస్తేనే తెలిసిపోయింది, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో బెల్మీరో గడప తొక్కనివాడు లేడని. మడ్‌గార్డు కాకపోతే తలుపు, తలుపు కాకపోతే డిక్కీ. రెండు నిమిషాల్లో అందరూ ఒక్కటైపోయి, తప్పంతా నాదన్నట్టు నా వంక చూశారు.

ఒడైర్ లేచి, నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. వాడు నా చెయ్యి అలా పట్టుకోవడం అదే మొదటిసారి.

"తృప్తిగా ఉందా?" అన్నాడు.

"నీ కోసం అన్నానురా!"

"నా కోసం కాదు. నీ నోటి దురద తీర్చుకున్నావు. చిన్నప్పుడూ ఇంతే. బడిలో నన్నెవరైనా ఏడిపిస్తే నువ్వొచ్చి తన్నేదానివి, తర్వాత వాళ్ళు నన్ను ఇంకా ఏడిపించేవాళ్ళు."

"అయితే నువ్వే తన్నాల్సింది! వాడు నీ ముఖం మీద ఉమ్మేస్తుంటే తల వంచుకుని చిక్కుళ్ళు లెక్కపెడుతున్నావు. నీకసలు..."

"నాకు వాళ్ళతో కూర్చోవాలని ఉండిందక్కా," అన్నాడు. "అంతే. ఒక్క మధ్యాహ్నం."

కారెక్కి వెళ్ళిపోయాడు. నేను బస్సులో వచ్చాను. కోపంతో దిగాల్సిన స్టాపు దాటిపోయాను. ఆ పాతికమంది మీద కోపం, వాళ్ళ పక్కన కూర్చోవాలనుకున్నందుకు మా తమ్ముడి మీద ఇంకా ఎక్కువ కోపం.

ఒడైర్ చాలా రోజులు బేకరీకి రాలేదు. రొట్టెలు కూడా వేరే బేకరీలో కొంటున్నాడని క్లెవుజా చెప్పింది. అక్కడి రొట్టెలు రబ్బరులా ఉంటాయని కూడా చెప్పింది, నన్ను సంతోషపెట్టడానికి.

ఒక ఉదయం వచ్చి కౌంటరు ముందు ఎత్తు కుర్చీ మీద కూర్చున్నాడు. కాఫీ అడిగాడు. ఇచ్చాను.

"కొన్నాను," అన్నాడు.

"ఏది? వెండి బొమ్మా?"

"అదే. ఎందుకు కొన్నానో అడగవా?"

"అడక్కపోయినా చెప్తావుగా."

కాఫీలో చెంచా తిప్పాడు. "ఆ రోజు నుంచి కూర్చుని ఆలోచించాను. డాక్టరుగారి కారు ఊరికే ఇస్తానంటే తీసుకుంటానా? తీసుకోను. దాని పక్కన ఈకల కుంచెతో నిలబడాలి. వాన పడితే భయం, ఎండ కాస్తే భయం. అది కారు కాదక్కా, కాపలా ఉద్యోగం. నాకు నడిపేది కావాలి. ఎవరో ఎక్కి కూర్చోమంటే హాయిగా కూర్చున్నాను చూడు, అలాంటిది."

"నకలు కారని జనం నవ్వుతారు."

"నవ్వనీ. నకలే కదా. నేను కాదంటేగా గొడవ." అప్పుడు కాస్త చిలిపిగా చూశాడు. "ముందున్న పోర్షె గుర్తు బిళ్ళ తీయించేశాను. బెల్మీరో ఏడ్చినంత పని చేశాడు. 'సార్, బిళ్ళ ఫ్రీ సార్, ఉంచుకోండి సార్' అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. వద్దన్నాను. అసలు కానిదానికి అసలని ముద్ర నేను కొట్టను."

ఈ మాట నాకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు. "బిళ్ళ తీసిన చోట బొక్క ఉంటుందే, వాన నీళ్ళు పోతాయి," అన్నాను.

"మైనం పెట్టించాను. ఆదివారం ఉబాతూబా వెళ్దాం, వస్తావా? క్లెవుజా జుట్టుకి రంగు వేయించుకుంది, రానంటోంది."

సముద్రం చూసి చాలా కాలమైంది. అందుకే వెళ్ళాను, వాడి మీద ప్రేమతో అని ఎవరూ అనుకోవద్దు.

తలకి గుడ్డ కట్టుకున్నాను. ఊరు దాటక ముందే అది ఎగిరిపోయి వెనక బస్సు అద్దానికి అతుక్కుంది. సీటు రోడ్డుకి ఎంత కింద ఉందంటే, పక్కన వెళ్ళే లారీల చక్రాల బోల్టులు నా కళ్ళకెదురుగా తిరుగుతున్నాయి. పెట్రోలు బంకు దగ్గర ఒకావిడ మురిసిపోతూ దగ్గరికొచ్చి, "అసలుదేనా సార్?" అంది. "కాదమ్మా. కింద ఫుస్కా, మీద ఫైబరు," అన్నాడు ఒడైర్. ఆవిడ "ఓ" అని మొహం మార్చుకుని వెళ్ళిపోయింది. వాడు ఏమీ పోగొట్టుకోనట్టు పెట్రోలు కొట్టించుకున్నాడు.

ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి పొగమంచు. సగం దిగేసరికి వాన. పైకప్పు అని బెల్మీరో ఇచ్చిన గుడ్డని ఇద్దరం లాగి లాగి బిగిస్తే, అది నా వైపు సగం, వాడి వైపు సగం వదిలేసి మధ్యలో మాత్రం కప్పింది. మలుపు తిరిగినప్పుడల్లా గుడ్డలో నిలిచిన నీళ్ళు నా ఒళ్ళోకి.

"ఒరే, బ్రేకు వెయ్యి!"

"వేశానక్కా!"

"అయితే పడటం లేదు!"

"పడతాయి. ఫుస్కా బ్రేకులు ఆలోచించి పడతాయి!"

అని పెద్దగా నవ్వాడు. మా తమ్ముడికి అంత గొంతు ఉందని నాకు తెలియదు. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను, మా అమ్మ వాడిన పాతవి కూడా. ఒక్కటీ వాడికి తగల్లేదు.

కిందికి దిగాక రేకుల పాక కింద ఆపాడు. అక్కడ రొయ్యలు కూరి కజ్జికాయల్లా చేసే పేస్టెల్ వేడివేడిగా వేయించి ఇస్తున్నారు. ఇద్దరం నీళ్ళు కారుతూ బెంచీ మీద కూర్చున్నాం. బల్ల అవతల ఒక లారీ డ్రైవరు కారునీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, "ఏంటి పెద్దాయనా, ముసలి ఫుస్కాకి పెళ్ళికూతురి ముస్తాబా?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. నా నోరు తయారుగానే ఉంటుంది. నేను అనేలోపే ఒడైర్ తిరిగాడు. తల వంచలేదు.

"అవునయ్యా," అన్నాడు. "ముస్తాబు చూసి నువ్వు మోసపోయావా లేదా, చెప్పు."

"వంద అడుగుల దూరం దాకా మోసపోయాను. తర్వాత చప్పుడు వినపడింది."

"నాకు వంద అడుగులు చాలు," అన్నాడు ఒడైర్. డ్రైవరు గట్టిగా నవ్వి, తన బెంచీ మీద జరిగి, "ఇటు రండి, అక్కడ జల్లు కొడుతోంది," అన్నాడు. మావాడు పేస్టెల్ పట్టుకుని వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ కార్బురేటర్ల గురించి మాట్లాడుకున్నారు, చాలాసేపు. నేను జల్లులోనే కూర్చుని ఇంకో పేస్టెల్ చెప్పాను.

ఆ కారంటే నాకు ఇప్పటికీ గిట్టదు. నడుము విరగ్గొట్టే పనికిమాలిన తొట్టె. ఒడైర్ దాన్ని వారానికి నాలుగు రోజులు నా బేకరీ ముందు ఆపి కాఫీ తాగుతాడు. ఎవరు అడిగినా ఎక్కి కూర్చోమంటాడు. క్లబ్బుకి మళ్ళీ వెళ్ళలేదు. వాళ్ళు పిలవనూ లేదు.

మొన్న తియోబాల్దో డాక్టరు వచ్చాడు. ఆ భోజనం తర్వాత నా గడప తొక్కడం అదే మొదలు. వరసలో నిలబడ్డాడు. వంతు రాగానే గొంతు తగ్గించి, "ఒడైర్ ఆ కారుని ఉబాతూబా దాకా తీసుకెళ్ళాడట, నిజమేనా?" అన్నాడు.

"నిజమే. వానలో."

"ఘాట్‌లో బ్రేకులు వేడెక్కలేదా?"

నేను రొట్టెల సంచీ విప్పాను. ఆయన ఇంకా మెల్లగా, "ఆ గోడ తగిలినప్పటి నుంచి నేను రోడ్డు మీదికి తీయలేదు. లారీ మీదే... చెయ్యి వణుకుతోంది జెనాయిడె గారూ," అన్నాడు.

"వెన్న రాసిన రొట్టె కావాలా, మామూలుదా?"

"మామూలుదే. ఆరు ఇవ్వండి."

సంచీ తీసుకుని బయటికెళ్ళాడు. ఒడైర్ లోపల కాఫీ తాగుతున్నాడు, వీపు వాకిలి వైపు ఉంది, ఆయన్ని చూడలేదు. కిటికీ అద్దంలోంచి నేను చూశాను. డాక్టరు వెండి రంగు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. అటూ ఇటూ చూసి, తలుపు మీద చెయ్యి వేశాడు. తీయలేదు.

"ఒరే ఒడైర్," అన్నాను, "బయట ఎవరో నీ తొట్టెలో కూర్చోవాలని చూస్తున్నారు. వెళ్ళి తలుపు తియ్యి."